‘రాను’ అనడం నేర్పే పీరియడ్

‘చెడు స్నేహాలకు దూరంగా ఉండాలి’ అని తొమ్మిదో తరగతి పిల్లల చేత చెప్పించడం తేలిక. పద్యం అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. సాయంత్రం గేటు దాటాక పక్కవాడు ఖైనీ ప్యాకెట్టు చాపితే మాత్రం ఆ వాక్యం నోటికి రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలను పదిగా చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సహానుభూతి, ఒత్తిడిని తట్టుకోవడం వంటివి అందులో ఉన్నాయి. చార్టు గోడకి బాగుంటుంది గానీ ఏడాదిలో పదీ చుట్టేద్దామంటే ఒక్కటీ ఒంటబట్టదు. కాదనడంతో మొదలుపెడితే మూడు నాలుగు కలిసొస్తాయి.

తరగతిలో నలభై మంది ఉంటే ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేయండి. జట్టులో ఒకరు అడుగుతారు, ఒకరు కాదంటారు, ఒకరు అడిగేవాడికి వత్తాసు పలుకుతారు, ఇద్దరు చూసి రాసుకుంటారు. వత్తాసు పాత్ర తీసేస్తే ఆట చప్పబడిపోతుంది, ఎందుకంటే ఈ వయసులో ఒత్తిడి గుంపులోంచే వస్తుంది. సన్నివేశం మూడు లైన్లు చాలు. విజయనగరం పిల్లలకైతే ఇలా: సిరిమాను పండగ రోజు, ఒకే బండి మీద ముగ్గురు, ఎవరికీ లైసెన్సు లేదు. రెండు నిమిషాలు ఆట, మూడు నిమిషాలు మాట, తర్వాత పాత్రలు మార్చాలి. 45 నిమిషాల్లో నాలుగు మార్పులు హాయిగా పడతాయి.

ఎక్కువమంది జారేది సాకుల దగ్గర. ‘నాన్న తిడతాడు’ అంటే ‘తెలీకుండా వచ్చేద్దుం’. ‘హోంవర్కుంది’ అంటే ‘రాత్రి రాసుకో’. ఎన్ని సాకులు చెబితే అన్ని జవాబులొస్తాయి. కాబట్టి ముందు ‘రాను’ అని తేల్చి, కారణం ఒక్కటే చెప్పి, వెంటనే మరో దారి చూపాలి: ‘రాన్రా. దొరికితే మీ నాన్నకి పాతికవేలు ఫైను. నేను బస్సులో వస్తాను, కోట దగ్గర కలుద్దుం’. ఈ ఫైను ఉత్త బెదిరింపు కాదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో ఉంది. ఇంతా విని ‘భయమేట్రా?’ అంటే కొత్త కారణం వెతక్కుండా అదే మాట మళ్లీ చెప్పి కదిలిపోవాలి.

అల్లరి పిల్లాడికే ప్రతిసారీ చెడగొట్టేవాడి వేషం ఇస్తే ఆ పేరు వాడికి బడంతా అంటుకుంటుంది, చీటీలు తీయించండి. పుస్తకాల తెలుగులో మాట్లాడమంటే నాటకం పోటీ అయిపోతుంది, వాళ్ల యాసలోనే కానివ్వండి. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస వైపు సవర గిరిజన పిల్లలుంటే మొదటి వంతు సవర భాషలోనే ఆడనివ్వాలి. మధ్యలో మాస్టారు సరిదిద్దకూడదు. ఇలా నేర్చిన పిల్ల రేపు మాస్టారితో కూడా ‘కాదండి’ అనొచ్చు. కొందరికి మింగుడుపడదు గానీ, అది పాఠం పనిచేసిన గుర్తు.

చివరి ఐదు నిమిషాలు చీటీల డబ్బాకి ఉంచండి: పైకి చెప్పలేనిది పిల్లలు చీటీ మీద రాసి అందులో వేస్తారు. పేరు రాయడం పిల్లల ఇష్టం. వాటిని ఉపాధ్యాయులు ఒంటరిగా చదవాలి, తరగతిలో పైకి చదవకూడదు. ‘ఎవరికీ చెప్పం’ అని ముందే మాటివ్వకండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఆ మాట డబ్బా పెట్టిన రోజునే పిల్లలకు చెప్పి, మూత మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 పెద్దగా రాయించండి.