ఏలూరు రోడ్డుకు ఆలస్యంగా చేరిన కబురు

గుంటూరులో ఉదయం రైలెక్కాను. మంగళగిరి దాటి, కృష్ణా కెనాల్ తరువాత బండి వంతెన మీదికి వచ్చేసరికి, జేబులోని పెన్‌డ్రైవును మరోసారి తడిమి చూసుకున్నాను. అందులో పుస్తకాలకు పేజీలు కట్టే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగల) సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6, ఉచితంగా దొరికే మండలి ఫాంటు ఉన్నాయి. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఏళ్ల తరబడి డీటీపీ చేస్తున్న మా బాబాయికి వాటిని చూపించాలని బయలుదేరాను.

దుకాణం నిండా శుభలేఖల ప్రూఫులే. బాబాయి వాడే పాత ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాలవి, కావు కాబట్టి, ఆయన కంపోజు చేసిన మాటను ఫోనులోకి పంపితే అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. స్క్రైబస్‌ను ఆయన ఒకప్పుడు ప్రయత్నించకపోలేదు. 2012లో వచ్చిన 1.4లో వత్తులు అక్షరం కిందికి చేరక విడివిడిగా పడటంతో విసిగి వదిలేశారు. ఈసారి నేను ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వరుసగా కొట్టి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, తెరకు దగ్గరగా వంగి, క్ష కింది మకార వత్తునే చాలాసేపు చూశారు.

“ఇది ఎప్పుడు బాగుపడిందిరా?”

2017లో వచ్చిన 1.5.3లోనే అన్నాను. మరి నాకెందుకు తెలియలేదని ఆయన అడిగినప్పుడు చెప్పవలసింది చాలా ఉంది. ఆ ప్రాజెక్టులో మొదటి చుక్క తరువాత బేసి అంకె వస్తే అది ఇంకా పరీక్షల్లో ఉన్న రూపమనీ, సరి అంకె వస్తే రోజువారీ పనికి సిద్ధమైనదనీ అర్థం. ఆ లెక్కన నమ్మి వాడదగ్గ 1.6 రావడానికి 2024 జనవరి దాకా పట్టింది. విడుదల ప్రకటనలో కొత్తగా చేరినవాటితో పాటు హెచ్చరికలూ రాయడం ఇలాంటి ఓపెన్ సోర్స్ సమాజాల్లో మొదటినుంచీ ఉన్న అలవాటే. 1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ (తరువాత లినక్స్ అయినది) సంగతి చెబుతూ, అది సరదాకు చేస్తున్నదనీ, ఒక్క రకం హార్డ్‌డిస్క్‌తో తప్ప పనిచేయకపోవచ్చనీ ముందే ఒప్పుకున్నాడు. అంతటి నిజాయితీ నాకు ఇష్టమే గాని, స్క్రైబస్ ప్రకటనలో ‘సంక్లిష్ట లిపుల అమరిక’ అని ఇంగ్లీషులో రాసిన ఒక్క వాక్యం తన వత్తుల గురించేనని ప్రెస్సు సందులోని మనిషికి ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిక్కు బయటపడింది. బాబాయి వేళ్లకు అలవాటైనది తెలుగు డీటీపీలో ‘ఆపిల్’ అని పిలిచే కీబోర్డు అమరిక; నేను పెట్టింది ఇన్‌స్క్రిప్ట్ అనే, అక్షరాలు వేరే మీటల మీద ఉండే అమరిక. నిమిషంలో కొట్టే పేరాకు పావుగంట పట్టింది, ఆయన నన్ను తిట్టలేదు గాని టీ కూడా తెప్పించలేదు. అమరిక మార్చే మార్గం వెతికి మళ్లీ వస్తానని మాటిచ్చాను.

బయలుదేరే ముందు ఆ విడుదల కబురును ఆయన మాటల్లోనే అరపేజీ కరపత్రంగా రాశాం. నేను ‘వత్తులు ఇప్పుడు సరిగా పడతాయి’ అన్న వాక్యంతో మొదలుపెడితే ఆయన దాన్ని కిందికి దించి, 1.6లో దాచిన ఫైలు 1.4లో తెరుచుకోదు కాబట్టి పాత ఫైలుకు నకలు తీసి ఉంచుకోవాలన్న హెచ్చరికను పెద్ద అక్షరాల్లో పైన పెట్టారు. ఇరవై ప్రతులు తీసి, పది తన దగ్గర ఉంచుకుని, మిగతా పదీ గుంటూరు ప్రెస్సుల్లో పంచమని నా చేతికిచ్చారు.