నెలకో మట్ట

మా అమ్మాయి 2015లో మిన్నెసోటాలో పుట్టింది. ఆ వారంలోనే అమలాపురం దగ్గర మా ఊళ్లో, పెరట్లో కాలవగట్టు వైపు, మా నాన్న ఒక దేశవాళీ కొబ్బరిమొక్క పాతారు. "ఇది నీ కూతురిదమ్మా" అని ఫోన్ చేసి చెప్పారు. కొబ్బరిచెట్టు పెద్దకొడుకుతో సమానం అంటారు మా కోనసీమలో. ఆయన దాన్ని మనవరాలిని చేశారు.

నాకు మాత్రం లోపల గుబులు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను నేను చూశాను. అప్పుడు నాకు పదేళ్లు. తెల్లారి తలుపు తీస్తే పెరట్లో 14 చెట్లకి మూడే నిలబడి ఉన్నాయి. నాన్న పడిపోయిన చెట్టు మొదట్లో కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు. చెట్టుకి పిల్ల పేరు పెట్టడం ఎందుకు, రేపు దానికేమైనా అయితే? అలా అనిపించింది కానీ పైకి అనలేదు.

ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నాన్న ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచి చెట్టు చూపించేవారు. పాప ఎనిమిదో ఏట ఆ చెట్టు బొమ్మ వేసింది. మట్టలన్నీ నలుపు. "కొబ్బరాకులు పచ్చగా ఉంటాయి కదమ్మా, ఆకుపచ్చ వెయ్యి" అన్నాను. "నా చెట్టు నల్లగానే ఉందమ్మా" అంది.

నిజమే, నల్లగానే ఉంది. తెల్లదోమ పట్టిందని నాన్న నాకు చెప్పారు, నేను పాపకి చెప్పలేదు. ఊరంటే తనకి అన్నీ అందంగానే కనబడాలని నా తాపత్రయం. పంటు మీద గోదావరి దాటడం, పూతరేకులు, కనుమ రోజు జగ్గన్నతోటకి ఊరూరి నుంచీ వచ్చే ప్రభలు, ఇవే చెప్పేదాన్ని. తను వినేది, తల ఊపేది, మళ్లీ తన పనిలో పడిపోయేది. అవన్నీ నావి. ఆ నల్లటి చెట్టొక్కటే తను సొంతంగా చూసుకున్నది.

పోయిన జులైలో వెళ్లాం. మొదటి రెండు రోజులూ ఉక్కకీ దోమలకీ సరిపోయాయి. మూడోరోజు పొద్దున్నే నాన్న తనని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, వేలాడే మట్ట ఒకటి వంచి ఆకు అడుగున చూపించారు. సున్నంతో ముగ్గు పెట్టినట్టు తెల్లటి సుడులు. ఆ తెల్లదోమ గుడ్లు అలాగే సుడులుగా పెడుతుంది. ఆకు రసం పీల్చి, తేనెలాంటి జిగురు వదులుతుంది. అది కింది మట్టల మీద పడితే దానిమీద నల్లటి మసి పెరుగుతుంది. మనదేశంలో ఈ రకం తెల్లదోమని మొదట 2016లో తమిళనాడులో పొల్లాచ్చి వైపు గుర్తించారు, తర్వాత గోదావరి జిల్లాల తోటలకీ పాకింది. పురుగుమందు కొడితే ఈ దోమని తినే మంచి పురుగులూ చచ్చిపోతాయి. అందుకని నాన్న అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం నుంచి ఇసారియా అనే మేలుచేసే శిలీంధ్రం తెచ్చి కొట్టిస్తున్నారు. మధ్యమధ్యలో మోటారు పెట్టి పైపుతో ఆకుల మీదికి నీళ్లు గట్టిగా చిమ్ముతున్నారు. ఇంకా పూర్తిగా నయం కాలేదు. మొవ్వులోంచి వచ్చే కొత్త మట్టలు మాత్రం పచ్చగా వస్తున్నాయి.

తాతయ్య చెబుతుంటే పాప ఆకుని వేలితో రుద్దింది. మసి వేలికి అంటింది. కాసేపటికి చూస్తే అరుగు మీద కూర్చుని ఉంది. మసిని కొబ్బరిచిప్పలోకి గోకి, రెండు చుక్కలు నీళ్లు కలిపి, ఈనె చివర నలగ్గొట్టి కుంచె చేసుకుంది. పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు ఆ చెట్టు మసితోనే ఆ చెట్టు బొమ్మ వేస్తోంది. ఎవరూ చెప్పలేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆ వారమే మాకు దింపు, అంటే చెట్లెక్కి కొబ్బరికాయలు దించడం. దింపు తీసే ఆయన చెట్టు దిగాక ఒక పచ్చి ఆకు చీల్చి, చుట్టి, చివర ఈనెతో గుచ్చి "ఇందండి పాపగారూ, ఊదండి" అని బూర ఇచ్చారు. అది మోగించడానికి తనకి రెండు రోజులు పట్టింది. మూడోరోజు నించీ తనే చుట్టడం మొదలెట్టింది. ఇల్లంతా బూరలే. మా అమ్మ ఒక్కటి కూడా పారెయ్యనివ్వలేదు.

మేం తిరిగొచ్చేముందు జరిగిన సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. మాను మీద గాట్లలాంటి మచ్చలేమిటని పాప అడిగింది. "మట్ట రాలిన చోటల్లా ఓ మచ్చ బంగారం. నెలకో మట్ట, ఏడాదికి పన్నెండు" అన్నారు నాన్న. తను కింది నుంచి చెయ్యి అందినంత మేర లెక్కపెట్టింది. 27. మొదటి నాలుగేళ్లూ మాను కట్టదని తాతయ్య చెబితే, వేళ్లమీద లెక్కేసి, ఆఖరి మచ్చ మీద చెయ్యి ఆనించి, "అయితే ఇది నేను ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పటిది!" అంది.

తర్వాత, "మా ఇంటి మేపుల్ చెట్టుకి రింగులు లోపలుంటాయి తాతయ్యా. కోస్తే గానీ కనబడవు" అంటూ మొదలెట్టింది. మార్చిలో రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉన్నప్పుడు మానుకి కన్నం పెట్టి రసం పడతామని, 40 లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు పాకం వస్తుందని చెప్పింది. తన తెలుగు అక్కడక్కడ తడబడుతోంది, నాన్న ఎక్కడా మాట అందివ్వకుండా ఓపిగ్గా విన్నారు. మేం తీసుకెళ్లిన సీసాలోంచి చెంచాడు నోట్లో వేసుకుని, "మన తాటిబెల్లం పాకంలా ఉందే!" అని, వెంటనే "చెట్టు ఓర్చుకుంటుందా?" అని అడిగారు. కల్లు గీతలు చూస్తూ పెరిగిన మనిషి మరి.

"ఒక్క చిన్న కన్నమే తాతయ్యా. అది పూడుకుంటుంది. మళ్లీ ఏడు వేరేచోట పెడతాం."

"అలాగైతే ఫర్వాలేదు" అన్నారాయన.

ఇప్పుడు మిన్నెసోటాలో మా ఫ్రిజ్ మీద రెండు బొమ్మలున్నాయి. ఒకటి మసితో వేసిన కొబ్బరిచెట్టు. రెండోది మేపుల్ బెరడు మీద కాగితం ఆనించి క్రేయాన్‌తో రుద్దితే వచ్చిన అచ్చు. దాని నకలు ఇంకోటి తీసి తాతయ్యకి పోస్టులో పంపింది.

ఆదివారం ఫోన్ కలవగానే తను అడిగే మొదటి మాట ఇదే: "తాతయ్యా, ఈ నెల మట్ట రాలిందా?"

"మొన్న గురువారం రాలింది బంగారం. క్యాలెండర్‌లో సున్నా చుట్టాను, చూపిస్తానుండు" అంటూ ఆయన కళ్లద్దాలు వెతుక్కుంటారు.