మాహూర్ దారిలో గుండ్రని గీతలు

ఖాళీగా ఉంటే ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు చూస్తూ కూర్చోవడం నాకో జబ్బు. అలా మహారాష్ట్రలోని కిన్వట్ దాటించి మాహూర్ వైపు జరుపుతుంటే ఒక గుట్ట మీద గీతలు కనబడ్డాయి, ఒకదానిలో ఒకటి, జిలేబీ చుట్టల్లాగా. ఆ వైపంతా లావా పారి గడ్డకట్టిన నేలే కదా, ఇంకేముంది, నడిమధ్యలో ఉన్నది అగ్నిపర్వతం నోరేనని తేల్చేసుకున్నా.

ఆదిలాబాద్‌లో రైలెక్కి కిన్వట్‌లో పెద్దమ్మ ఇంటికి చేరా. పొద్దున ఆటో అతను గుట్ట కిందిదాకా ఎనిమిది వందలన్నాడు! ఫోన్‌లో గుట్ట చూపించి మరీ బేరమాడితే ఎవడైనా అంతే అడుగుతాడు, తప్పు నాదే. ఆరొందలకు దిగాడు గానీ దారిలో ఇంకో ముగ్గురిని, ఒక మేకపిల్లను ఎక్కించుకున్నాడు, వాళ్ల దగ్గరా డబ్బులు తీసుకున్నాడు.

మార్చి ఎండ. రాలిన టేకాకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. కాసేపు నిట్టనిలువు ఎక్కుడు, తర్వాత చదును, మళ్లీ ఎక్కుడు, మళ్లీ చదును. మూడో చదును మీద మేకల కాపరి ఒకాయన కూర్చుని ఉన్నాడు. "ఏం దేవులాడుతున్నవ్ పటేలా?" అన్నాడు. ఫోన్ చూపించా. చాలాసేపు చూసి, బొటనవేలితో ఒక గీత వెంబడి రాస్తూ, "ఇది మా మేకలు తిరిగే బాటనే గదా, గీ అంచు పట్టుకునే గుట్ట చుట్టు తిరిగొస్తయ్" అన్నాడు.

నా అగ్నిపర్వతం అక్కడితో సరి. గీత అంటే మెట్టు అంచు. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా ఎక్కువగా పొడవాటి చీలికల్లోంచి వరదలా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. గట్టి రాయి నిటారుగా నిలిచింది, బుడగలున్న మెత్తటి భాగం అరిగి చదునైంది. ఈ లావా నేలకున్న పేరు 'దక్కన్ ట్రాప్స్', అందులోని ట్రాప్ అనే మాట స్వీడిష్‌లో మెట్లకు వాడే మాట నుంచే వచ్చిందని ఎప్పుడో చదివా కూడా! చదివి ఏం లాభం? నిజంగా గుండ్రటి గొయ్యి కావాలంటే బుల్ఢాణా జిల్లా లోణార్ ఉంది, కానీ అది ఉల్క పడి ఏర్పడింది.

ఆయనే ఇంకోటి చూపించాడు. రెండు నల్లరాతి పొరల మధ్య జానెడు మందాన ఎర్రమన్ను. ఒక లావా చల్లారి, పైభాగం మన్నుగా మారేంత కాలం గడిచాక రెండోది వచ్చి దాన్ని కప్పేసింది. గోటితో గీకితే చేతికంటింది. "మా ఆడోళ్లు గోడలకు పూసేది గిదే" అన్నాడాయన. నేను నోరు తెరిచి చూస్తుంటే ఆయనకు నవ్వొచ్చింది.

గుర్తుగా తొర్రల రాయి ఒకటి తెచ్చుకున్నా, కొన్ని తొర్రల్లో తెల్లటి స్ఫటికాలు కూడా ఉన్నాయి. తెల్లారి బ్యాగు సర్దుకుంటుంటే కనబడలేదు. వెతికితే బాత్రూంలో బకెట్ పక్కన ఉంది.

"మడిమెలకు మస్తుగున్నదిరా, ఇంకోటి తేకపోయినవా?" అంది పెద్దమ్మ.