మెరోపెనెమ్‌తో మెరోపెనెమ్ కలిపితే సినర్జీ వచ్చింది: నా అనుభవం

నిన్న సాయంత్రం మా గైడ్ మేడమ్ నా థీసిస్ మూడో చాప్టర్ మీద సంతకం పెట్టారు. అయిదు నెలలు తిరిగితే పడిన సంతకం అది. అందులో మూడు నెలలు నా బుద్ధితక్కువ వల్లే పోయాయి. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నా.

నా పని ఇది: కార్బపెనెమ్ మందులకు (మెరోపెనెమ్ వాటిలో ఒకటి) లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా మీద మెరోపెనెమ్, కొలిస్టిన్ కలిపి చూడాలి. రెండు యాంటీబయోటిక్‌లు కలిస్తే ఒకదానికొకటి బలం కావచ్చు, అది సినర్జీ. ఒకదాని పనిని ఇంకోటి చెడగొట్టొచ్చు, అది యాంటాగనిజం. లేదా దేని దారి దానిదే. కొలిస్టిన్ బ్యాక్టీరియా బయటి పొరను చిల్లులు పొడుస్తుంది, ఆ సందులోంచి మెరోపెనెమ్ లోపలికి దూరుతుంది అని చదివి, సినర్జీ వచ్చి తీరుతుందని ముందే డిసైడ్ అయిపోయాను. అసలు రోగం అదే.

స్ట్రెయిన్ పెంచడం, స్టాక్‌లు దాచుకోవడం వారంలో అయిపోయాయి. కొలిస్టిన్ విషయంలో ఒక్క మాట: ల్యాబ్ పరీక్షకు కావాల్సింది కొలిస్టిన్ సల్ఫేట్. ఇంజెక్షన్‌గా వాడే కొలిస్టిమెథేట్ తెచ్చుకోకండి. అది మందుగా మారడానికే టైమ్ పడుతుంది, మీ అంకెలన్నీ తప్పుతాయి.

తర్వాత చెకర్‌బోర్డ్. 96 గుంటల ప్లేట్‌లో అడ్డంగా ఒక మందు, నిలువుగా ఇంకో మందు, మోతాదు సగం సగం తగ్గించుకుంటూ పోస్తాం. బ్యాక్టీరియా కలిపి 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. పొద్దున్నే ప్లేట్ ఎత్తి వెలుతురులో చూస్తే, పెరిగిన గుంటల అడుగున చొక్కా గుండీలా తెల్లగా పేరుకుని ఉంటుంది. పెరగనివి నీళ్లలా తేటగా ఉంటాయి. ఆ రెంటికీ మధ్య మెట్లు మెట్లుగా గీత కనిపిస్తుంది. ఆ మెట్లు చూస్తుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను.

లెక్క సులువే. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కలిపినప్పుడు సరిపోయిన మోతాదును, ఒంటరిగా ఇస్తే కనీసం కావాల్సిన మోతాదుతో, అంటే ఎంఐసీతో భాగించాలి. రెండు మందులకూ అలా చేసి కూడాలి. 0.5 లేదా అంతకంటే తక్కువైతే సినర్జీ. 4 దాటితే యాంటాగనిజం. మధ్యలో ఉంటే ఏమీ లేనట్టే.

మెరోపెనెమ్ ఎంఐసీ మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములు, కొలిస్టిన్‌ది 2. కలిపితే 8, 0.5 సరిపోయాయి. అంటే 0.125, 0.25 కలిపి 0.375! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేపర్ టైటిల్ కూడా రాసుకున్నా.

ల్యాబ్ మీటింగ్‌లో స్లయిడ్ వేయగానే మేడమ్ అడిగింది ఒకటే. "ఈ 64 ఏ ప్లేట్‌లోది?"

"పాత ప్లేట్‌లోది మేడమ్. మూడుసార్లు అదే వచ్చింది."

"మరి ఈ ప్లేట్‌లో ఒంటరి మందు వరసలేవి?"

లేవు. ప్లేట్‌లు అయిపోతున్నాయని ఆ వరసలు ఎగ్గొట్టాను. (మా స్టోర్‌లో ఒక డబ్బా ప్లేట్‌లు ఇప్పించుకోవాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ ముగ్గురూ ఒకే రోజు సీట్లో ఉన్న సందర్భం నేనైతే చూడలేదు.)

"అయితే మెరోపెనెమ్‌తో మెరోపెనెమ్ కలిపి చెకర్‌బోర్డ్ పెట్టుకురా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ జోక్ అనుకుని నవ్వాను. జోక్ కాదట.

పెట్టాను. అడ్డం 8, నిలువు 8, మొత్తం 16 దగ్గర తేట పడింది. 64తో భాగిస్తే 0.125 కి 0.125, మొత్తం 0.25. ఒకే మందు తనతో తానే కలిస్తే లెక్క ప్రకారం 1 రావాలి. నాకు కొలిస్టిన్‌తో వచ్చినదానికంటే గొప్ప సినర్జీ వచ్చింది! మరుసటి మీటింగ్‌లో ఆ స్లయిడ్ నా చేతే వేయించి, "ఒకే మనిషి రెండు చొక్కాలు వేసుకొస్తే ఇద్దరి కూలి ఇస్తారా?" అన్నారు. జూనియర్‌లు కూడా ఉన్నారు. ఆ వారం క్యాంటీన్ వైపు వెళ్లలేదు.

కారణం దొరకడానికి రెండు నెలలు పట్టింది. మందు పౌడర్ మార్చాను, బ్యాక్టీరియా పెంచే ద్రవం (బ్రాత్) మార్చాను, పిపెట్‌ను అనుమానించాను. చివరికి నా నోట్‌బుక్‌లోనే దొరికింది. పాత ఎంఐసీలు ఒక సీనియర్ ఇచ్చిన జిరాక్స్ కాగితం చూసి చేసినవి. అందులో బ్యాక్టీరియాను 20 రెట్లు పలచన చేయమని ఉంది. అది 100 మైక్రోలీటర్ల మందులో 10 మైక్రోలీటర్లు వేసే పద్ధతికి. నేను అదే పలచనతో 100 వేశాను. ఉండాల్సింది మిల్లీలీటరుకు 5 లక్షల కణాలు, నా గుంటల్లో 37 లక్షలకు పైగా ఉన్నాయి. కార్బపెనెమేజ్ ఎంజైమ్ తయారుచేసే బ్యాక్టీరియా అంత గుంపుగా ఉంటే మందునే నమిలేస్తుంది, ఎంఐసీ పైకెక్కుతుంది. చెకర్‌బోర్డ్‌కు మాత్రం కొత్త ప్రోటోకాల్ చూసి సరిగ్గా పలచన చేశాను. అందుకే అసలు ఎంఐసీ 16 అయితే నేను 64తో భాగిస్తూ కూర్చున్నా. సరిచేస్తే 8/16, 0.5/2 కలిపి 0.75. సినర్జీ లేదు.

కాబట్టి ఒంటరి వరసలు అదే ప్లేట్‌లో, అదే రోజు పెట్టండి. వేసిన బ్యాక్టీరియాను పలచన చేసి అగర్ మీద పరిచి కాలనీలు లెక్కపెట్టండి. పది నిమిషాల పని, నేను బద్ధకించింది అదే. 0.5 వచ్చినా ఎగరొద్దు. ఎంఐసీ ఒక మెట్టు అటూ ఇటూ కావడం మామూలే, ఆ ఒక్క మెట్టుకే లెక్క సగమవుతుంది. జిరాక్స్ ప్రోటోకాల్ ఇచ్చే సీనియర్లను మాత్రం నమ్మకండి, కాఫీ ఇప్పించినా సరే.

"రెండు మందులు వేస్తే మంచిదేగా" అనేవాళ్లను చూస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. 1951లోనే లెపర్, డౌలింగ్ అనే డాక్టర్లు న్యుమోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో (మెదడు పొరల వాపు) పెన్సిలిన్‌కు క్లోర్‌టెట్రాసైక్లిన్ జోడిస్తే చావులు పెరిగాయని చూపించారు. పెరుగుతున్న కణాలనే పెన్సిలిన్ చంపగలదు, రెండోది ఆ పెరుగుదలనే ఆపేస్తుంది. నా జంటనే తీసుకోండి: 2018లో వచ్చిన ట్రయల్‌లో 406 మంది రోగుల్లో, ఎక్కువగా ఎసినెటోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో, కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినా మెరోపెనెమ్ కలిపినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని కలపడమే దండగ అనను. ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా గుండె కవాటాలకు పడితే ఆంపిసిలిన్ దాని కణం గోడను బలహీనపరిచి జెంటమైసిన్‌ను లోపలికి పంపుతుంది, అక్కడ జంట నిజంగానే పనిచేస్తుంది.

టైమ్-కిల్ కూడా చేశాను, అంటే మందు వేశాక గంటలు గడిచేకొద్దీ ఎన్ని కణాలు బతికున్నాయో లెక్కపెట్టే పరీక్ష. 24 గంటలకు, రెంటిలో బాగా పనిచేసిన మందు కంటే జంట కనీసం 100 రెట్లు తక్కువ కణాలు మిగిల్చితేనే సినర్జీ. నాది ఆ గీత దాటలేదు. చాప్టర్ టైటిల్‌లోంచి ఆ మాట కొట్టేశాను.

మేడమ్ సంతకం కింద ఎర్ర ఇంకుతో ఒక లైన్ రాశారు: "మెరో-మెరో ప్లేట్ ఫోటో అనుబంధంలో పెట్టు." రాత్రే పెట్టేశాను.