మీ ఐపీ అడ్రస్ ఎవరికి కావాలి?

వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ను తమ సర్వర్ మీదుగా పంపి మీ అడ్రస్‌ను దాచే సేవ) అమ్మే సైట్లు చాలావాటిలో పైన ఒక పట్టీ మెరుస్తూ ఉంటుంది: "మీ ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తోంది!" పక్కనే ఆ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబరు, మీరు ఉన్నారని వాళ్లు అనుకునే ఊరు, మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ పేరు. అలాంటి ఒక ఇంటర్నెట్ కంపెనీలో కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. ఆ పట్టీ చూసి హడలిపోయినవాళ్లు మాకే ఫోన్ చేస్తారు. లైన్లో ఇంకెంతమందో ఎదురుచూస్తుంటారు కాబట్టి వాళ్లకు రెండు ముక్కలు చెప్పి పెట్టేయాల్సి వస్తుంది. మిగతాది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అసలు ఆ అడ్రస్ కనిపించకపోతే పేజీయే తెరుచుకోదు. మీరు అడిగింది సర్వర్ తిరిగి ఎక్కడికో పంపాలి కదా. మీరు తెరిచే ప్రతి సైట్‌కీ, అందులో యాడ్స్ వేసే సర్వర్లకీ, ఫాంట్లు పంపే సర్వర్లకీ అది తెలుస్తూనే ఉంటుంది. వీపీఎన్ వాళ్ల సైట్‌కి తెలిసిందంటే అందులో వింతేమీ లేదు. ఆ నంబరు చేతికొచ్చినవాడు దాంతో ఏం చేయగలడు? టెన్షన్ పడాలా వద్దా అన్నది అక్కడ తేలాలి.

ఒకసారి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఆన్‌లైన్ గేమ్‌లో ఓడిపోయిన ఎవడో చాట్‌లో వీడి ఐపీ అడ్రస్, ఊరి పేరు టైప్ చేసి "నువ్వెక్కడుంటావో తెలిసింది, కాచుకో" అన్నాడట. పిల్లాడి గొంతు వణుకుతోంది. "అన్నా, వాడు ఇంటికొచ్చేస్తాడా?"

"ముందు రూటర్ పేజీ తెరువు తమ్ముడూ. WAN (వ్యాన్, బయటి కనెక్షన్) అని ఉన్నచోట ఏ నంబరుందో చదువు" అన్నాను. 100.81తో మొదలయ్యే నంబరు చదివాడు. "ఇప్పుడు చాట్‌లో వాడు పెట్టిన నంబరు చదువు." అది పూర్తిగా వేరే నంబరు. నాకు సగం బెంగ అక్కడే తీరిపోయింది.

100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లు ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికని 2012లో విడిగా పక్కన పెట్టినవి. పాత పద్ధతి ఐపీలో మొత్తం అడ్రస్‌లు దాదాపు 430 కోట్లే. ప్రపంచానికంతా పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకని కంపెనీలు ఒకే బయటి అడ్రస్ వెనక ఎన్నో కనెక్షన్లను కూర్చోబెడుతున్నాయి. మేం దీన్ని సీజీనాట్ అంటాం. మొబైల్ డేటాలో అయితే ఇది మామూలు విషయం. అంటే చాట్‌లో పెట్టిన ఆ నంబరు, ఈ కుర్రాడు ఎప్పుడూ చూడని ఎంతోమందికి కూడా చిరునామాయే. ఎవడైనా కక్షకొద్దీ దాని మీదకు చెత్త ట్రాఫిక్ పంపినా అది వచ్చి తగిలేది మా పరికరాలకు. ఆ తలనొప్పి మాది, పిల్లాడిది కాదు.

"మరి మా ఊరి పేరు ఎలా చెప్పాడన్నా?" అన్నాడు. అవి జియోలొకేషన్ డేటాబేస్‌లు. ఏ అడ్రస్‌ల గుంపు ఏ ప్రాంతంలో వాడుకలో ఉందో అంచనా కట్టి అమ్ముతారు. దేశం దాదాపుగా సరిగ్గానే వస్తుంది, ఊరు కొన్నిసార్లు తగులుతుంది, కొన్నిసార్లు మా పెద్ద ఎక్స్‌ఛేంజీ ఉన్న వేరే ఊరు చూపిస్తుంది. ఇంటి గుమ్మం మాత్రం వాటికి తెలియదు. తెలుసని నమ్మితే ఏమవుతుందో అమెరికాలో ఒక కుటుంబం అనుభవించింది. మ్యాక్స్‌మైండ్ అనే సంస్థ డేటాబేస్‌లో, "అమెరికాలో ఎక్కడో ఉంది" అని తప్ప ఇంకేమీ తెలియని అడ్రస్‌లన్నిటికీ దేశం నడిమధ్యన ఒక చుక్క పెట్టారు. అంకెలు గుండ్రంగా ఉండాలని 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పశ్చిమం అని రాసుకున్నారు. ఆ చుక్క కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలంలో ఉన్న ఇంటి మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు ఆ ఒక్క ఇంటినే చూపించాయి. ఏ పాపం తెలియని ఆ ఇంటివాళ్ల తలుపు పోలీసులు కొట్టారు, పన్నుల వాళ్లు కొట్టారు, ఆన్‌లైన్‌లో మోసపోయి మండిపోతున్న జనం కొట్టారు. ఇదంతా ఏళ్ల తరబడి సాగింది. 2016లో సంగతి పత్రికలకెక్కాక ఆ చుక్కను ఒక చెరువు మధ్యలోకి జరిపారు.

ఐపీ నుంచి ఇంటిదాకా వెళ్లే నమ్మకమైన దారి ఉన్నది మా దగ్గరే. ఏ అడ్రస్ ఏ సమయంలో ఏ కనెక్షన్‌కి ఇచ్చామో లాగ్‌లో ఉంటుంది, దర్యాప్తు చేసేవాళ్లు చట్టప్రకారం అడిగితే తీసి ఇస్తాం. సీజీనాట్ ఉన్నచోట అడ్రస్, సమయం రెండూ ఉన్నా చాలదు, ఒకే అడ్రస్ వెనక ఏ కనెక్షనో తేల్చే సోర్స్ పోర్ట్ నంబరు కూడా కావాలి. సర్వర్లు దాన్ని కూడా నమోదు చేసుకోవాలని 2011లోనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6302 చెప్పింది. అయినా పోర్ట్ లేకుండా, టైమ్ జోన్ రాయకుండా ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మా ఆఫీసులో లాగ్‌లు చూసే ఆయన అవి విప్పినప్పుడల్లా విసుక్కోవడం నాకు వినిపిస్తుంది. ఇలా సైట్ దగ్గర నంబరు, కంపెనీ దగ్గర పేరు ఉండి, రెండూ కలిపే చట్టపరమైన దారి ఉంటే, మారుతుండే ఐపీ కూడా వ్యక్తిగత సమాచారమే అవుతుందని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పింది. అది సబబే అనిపిస్తుంది నాకు. నంబరుకు అసలు విలువే లేదని నేనూ అనను.

పైగా ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వచ్చాక లెక్క కొంచెం మారింది. అందులో అడ్రస్‌లకు కొరత లేదు కాబట్టి ఒకదాన్ని పదిమందికి పంచే అవసరం లేదు. అడ్రస్‌లో వెనక సగాన్ని ఫోన్లు, కంప్యూటర్లు తరచుగా మార్చేసుకుంటాయి. అందువల్ల మీ ఇంట్లో ఏ ఫోన్ అన్నది బయటివాళ్లకు తేలిగ్గా దొరకదు. ముందు సగం మాత్రం మీ కనెక్షన్‌ది, అది కొన్ని కంపెనీల్లో నెలల తరబడి మారదు. సీజీనాట్ గుంపులో దొరికే మరుగు ఇక్కడ దొరకదు. వీపీఎన్ యాడ్స్‌లో ఈ సంగతి నాకు ఎప్పుడూ కనబడలేదు, భయపెట్టడానికి ఉన్న ఒక్క మంచి కారణాన్ని వాళ్లే వదిలేసుకున్నారు.

"హ్యాకర్లకు నా ఐపీ తెలిస్తే ఎలా సార్?" అన్నది ఇంకో ప్రశ్న. తెలియాల్సిన పనే లేదు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో విడుదల చేసిన జీమ్యాప్ అనే ప్రోగ్రాం, మంచి కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్ నుంచి పాత పద్ధతి అడ్రస్‌లన్నిటినీ 45 నిమిషాల లోపే తట్టి చూడగలదు. 2016లో మిరాయ్ అనే, హ్యాక్ చేసిన పరికరాల గుంపుతో నడిచే బాట్‌నెట్ అలాగే కళ్లు మూసుకుని కనబడ్డ అడ్రస్‌నల్లా తడుతూ పోయింది. కంపెనీ నుంచి వచ్చినప్పటి పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రూటర్లు లక్షల్లో దానికి చిక్కాయి. ఫోన్లో వీపీఎన్ వేసుకున్నంత మాత్రాన గోడకున్న కెమెరాకు ఒరిగేదేమీ లేదు. రూటర్ పాస్‌వర్డ్ మార్చడం, అప్‌డేట్ చేయడం ఉచితం. ఆ మాట అంటే మాత్రం అవతల నిశ్శబ్దం, ఆ తర్వాత "సరే సార్, ఏ వీపీఎన్ మంచిదో చెప్పండి."

మీరెవరో పట్టేసే సంగతులు వేరే ఉన్నాయి. జీమెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయి కూర్చున్నాక ఐపీ ఏ దేశానిదైతే ఏం? పేరు మీరే చెప్పేశారు. లాగిన్ కాకపోయినా కుకీలు, అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు, ఉంటాయి. అవి తుడిచినా బ్రౌజర్ వేలిముద్ర ఉంటుంది: స్క్రీన్ కొలతలు, ఫాంట్ల జాబితా, టైమ్ జోన్, వెర్షన్ నంబర్లు కలిపితే అది మీదొక్కరిదే కావచ్చు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ 2010లో తమ పరీక్ష పేజీకి వచ్చిన దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లను చూస్తే, 83.6 శాతం ఇంకే బ్రౌజర్‌తోనూ కలవలేదు. అప్పటి నుంచి బ్రౌజర్లు కొంత జాగ్రత్త పడ్డాయి, యాడ్స్ వాళ్లు ఇంకొంచెం తెలివి మీరారు.

వీపీఎన్ చేసేదల్లా చూసే కళ్లను మార్చడం. ఇప్పుడు మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో సాధారణంగా మాకు తెలుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైట్‌కీ మధ్య మాటల్ని తాళం వేసి పంపే పద్ధతి) ఉంది కాబట్టి అక్కడ ఏం చదివారో, ఏం టైప్ చేశారో మాకు కనబడదు. వీపీఎన్ పెట్టుకుంటే మాకు కనిపించేది వీపీఎన్ సర్వర్ ఒక్కటే, మేం చూసేదంతా ఆ కంపెనీ చూస్తుంది. మా మీద కంటే వాళ్ల మీద మీకు నమ్మకం ఎక్కువైతే తప్పేమీ లేదు, మా కంపెనీ మీద నాకే అంత గొప్ప అభిప్రాయం లేదు. కానీ వాళ్లెవరో చూసుకోవాలి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో, వీపీఎన్ పేరుతో ఫోన్లలో కూర్చుని, జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కి చేరవేసింది. 2018లో యాపిల్ దాన్ని తన స్టోర్‌లో ఉండనివ్వలేదు. హోలా అనే ఉచిత వీపీఎన్ ఇంకా ఘోరం. వాడుతున్నవాళ్ల కనెక్షన్లనే డబ్బిచ్చిన ఇతరులకు దారిగా అమ్ముతోందని 2015లో బయటపడింది. ఐపీ దాచుకుందామని వెళ్లినవాళ్లు దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లకు అద్దెకిచ్చి వచ్చారన్నమాట.

ఇంకోటి కూడా చెప్పాలి. "బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు, ప్రతి సైట్ నువ్వు రోబోవా అని అడుగుతోంది, మీ నెట్ బాగాలేదు" అని తిడుతూ వచ్చే ఫోన్లలో నేను అడిగే మొదటి ప్రశ్న, వీపీఎన్ ఆన్‌లో ఉందా అని. ఎక్కువసార్లు ఉంటుంది.

దాచుకోవాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. టొరెంట్‌లో మీ అడ్రస్ ఆ ఫైల్ పంచుకుంటున్న ప్రతివాడికీ కనిపిస్తుంది, అది ఆ పద్ధతిలోనే ఉంది. తమ కంప్యూటరే సర్వర్‌గా గేమ్ నడిపి స్ట్రీమ్ చేసేవాళ్లకు కక్షగట్టే శత్రువులు ఉంటారు. ఆధారాలిచ్చినవాళ్లను కాపాడాల్సిన విలేకరులకు వీపీఎన్ కూడా చాలదు. వాళ్లకు టోర్ ఉంది, అది ట్రాఫిక్‌ను మూడు సర్వర్ల మీదుగా పంపే నెట్‌వర్క్, ఆ మూడు మజిలీల్లో ఏ ఒక్కదానికీ రెండు కొసలూ తెలియవు. ఇక ముక్కూమొహం తెలియనివాళ్లతో ఫోన్లో మాట్లాడాల్సి వచ్చే మామూలు మనుషులు, అంటే పాత సామాన్లు అమ్మేవాళ్లు, పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు. వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లవచ్చు, అప్పుడు మీ ఐపీ అవతలి ఫోన్‌కి తెలుస్తుంది. 2023 నవంబరులో దీనికి ఒక మీట ఇచ్చారు: సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ కాల్స్‌లో ఐపీని కాపాడేది. ఆన్ చేస్తే కాల్ వాట్సాప్ సర్వర్ల మీదుగా వెళ్తుంది, మాట కాస్త ఆలస్యంగా వినబడొచ్చు. సిగ్నల్‌లోనూ, టెలిగ్రామ్‌లోనూ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. పైసా ఖర్చు లేదు.

నేను నిజంగా గాభరా పడే ఫోన్లు వేరు. విడిపోయిన మనిషి వెంటపడుతున్నాడు, ఎక్కడికెళ్లినా తెలిసిపోతోంది, ఐపీ దాచాలి అంటుంది ఒకామె. ఆమెకు వీపీఎన్ పేరు చెప్పి ఫోన్ పెట్టేస్తే అన్యాయం. గూగుల్ అకౌంట్‌లో ఏయే ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో ముందు చూడమంటాను, తర్వాత లొకేషన్ షేరింగ్, ఆ తర్వాత ఫొటోల బ్యాకప్. సాధారణంగా అతని పాత ఫోన్ వీటిలో ఎక్కడో ఒకచోట తగులుతుంది. దాన్ని తీసేస్తే అతనికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి, తీసే ముందు దగ్గర మనిషి ఎవరైనా పక్కన ఉండేలా చూసుకోమంటాను. చివరగా కనెక్షన్ ఎవరి పేరున ఉందో అడుగుతాను. అతని పేరునే ఉంటే, ఇంట్లో రూటర్‌కి ఏ ఫోన్ ఎప్పుడు కలుస్తోందో మా యాప్‌లో అతనికి కనిపిస్తూనే ఉంటుంది, దానికి ఏ వీపీఎన్ కూడా అడ్డుపడదు. ఆమె పేరున కొత్త కనెక్షన్ తీసుకోవాలి. ఎన్ని ఫోన్లు క్యూలో ఉన్నా సరే, ఆ ఫారం పూర్తయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను.