వ్యాస సాధన: మీడియం గొడవ దగ్గర ఆగిన నెల

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నా. ఆదివారాలు వ్యాసం రాయడం అలవాటు చేసుకుంటున్నా. మార్కుల కోసం కాదు, వాదన నిలబెట్టడంలో ఉన్న మజా కోసం. ఈ నెల అంశం: ప్రాథమిక బడిలో తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా?

మొదటి వారం: నా పక్షం ఒక్క వాక్యంలో రాసి టేబుల్ ముందు అంటించా. "ఐదో తరగతి దాకా పాఠాలు తెలుగులోనే చెప్పాలి." గైడ్లలో ఉండే "భాష మానవజాతికి దక్కిన మహత్తర వరం" మార్కు ఎత్తుగడ మానేశా. ఏ పక్షంవాడైనా రాసుకోగల వాక్యం అది.

రెండో వారం: పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు ఆధారం, కుడివైపు అది ఎంతవరకు పనికొస్తుందో రాశా. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 29: బోధన "సాధ్యమైనంతవరకు" మాతృభాషలో. ఆ మాట మింగేస్తే ఎదుటివాడు అక్కడే పట్టుకుంటాడు. చాలామంది చూపించే రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లల గురించి. ఆంధ్రాలో తెలుగు పిల్లలకు అతకదు, తీసేశా. ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేసిన జీవోలను 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. బాగానే ఉంది గానీ, బలవంతం కూడదంటే నా "తెలుగులోనే" సంగతేమిటి?

మూడో వారం: అసలు పని ఇదే, ఎదుటి పక్షం పేరా. "ఇంగ్లీషు మోజు" అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇంగ్లీషు మీడియం కావాలనే మా రూమ్మేట్ అడిగింది వేరు: "డబ్బున్నోళ్ల పిల్లలు కాన్వెంట్లో ఇంగ్లీషులో చదువుతుంటే సర్కారు బడి పిల్లలకే తెలుగా?" దీనికి భాషాభిమానం జవాబు కాదు. వాడి మాటను వాడు ఒప్పుకునేలా రాసి, చదివి వినిపించా. తర్వాత నా వాక్యం ఇలా మారింది: "ఐదో తరగతి దాకా పాఠాలు తెలుగులో, ఒకటి నుంచే ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా, అది బాగా చెప్పగల టీచరుతో. ఈ నియమం ప్రైవేటు బళ్లకూ ఉండాలి."

ఇప్పుడు: ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రమే వరసగా వేరే కాగితం మీద ఎక్కించా. చివరి రెండింటి మధ్య లంకె లేదు. కారణం "ప్రైవేటు బళ్లకూ" అన్న ముక్కే. ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బడుల మీద రుద్దకూడదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ ముక్క తీసేస్తే రూమ్మేట్ ప్రశ్న మళ్లీ లేస్తుంది, ఉంచితే తీర్పు అడ్డం. వచ్చే ఆదివారం ఈ ఒక్క పేరాయే.