చూడకుండానే తెలిసిన సినిమాలు

ఈరోజు మధ్యాహ్నం ఆఫీసులో భోజనాల వేళ ‘శంకరాభరణం’ ప్రస్తావన వచ్చింది. అందులో ఒక సన్నివేశం గురించి నా అభిప్రాయం అడిగితే, ఆ సినిమా ఇంతవరకు చూడలేదని చెప్పవలసి వచ్చింది. సినిమా అంటే నాకెంత ప్రాణమో తెలిసినవాళ్లు కావడంతో నలుగురూ తినడం ఆపి నా ముఖంలోకి చూశారు. 1980లో వచ్చిన ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర అనీ, శంకరశాస్త్రి పాత్ర ధరించిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసేవారనీ, మహదేవన్‌కూ బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరాంకూ అది జాతీయ పురస్కారాలు తెచ్చిందనీ నాకు తెలుసు. పాటలన్నీ నోటికి వచ్చు. కూర్చుని చూడడం ఒక్కటే జరగలేదు.

సాయంత్రం బస్సులో ఇలాంటివి ఇంకేమున్నాయని లెక్క వేసుకున్నాను. ‘షోలే’ ఉంది, ‘శివ’ ఉంది. ఈ రెండింటి గురించీ ఇతరుల నోట ఎంతగా విన్నానంటే, చూసేశానన్న భ్రమలోనే ఏళ్లు గడిచిపోయాయి. కానీ నన్ను నిజంగా బాధపెట్టినది ‘మల్లీశ్వరి’.

చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో తప్ప మరొకటి లేదు. సినిమా మాటలనూ పాటలనూ కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రోజున అమ్మ వంట త్వరగా ముగించి, పొయ్యి ఆర్పి, చేటలో బియ్యం పోసుకుని రేడియో పక్కన కూర్చునేది. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ఆ సినిమాను నేను అలా విన్నాను. కృష్ణశాస్త్రి మాటలూ, రాజేశ్వరరావు బాణీలూ, భానుమతి గొంతూ అన్నీ ఆ పెట్టెలోంచే వచ్చి నాలో నిలిచిపోయాయి. మల్లి, నాగరాజు తలదాచుకున్న సత్రానికి మా ఊరి చెరువుగట్టు మీది పాత మంటపాన్ని నేనే అమర్చుకున్నాను. పెద్దయ్యాక సినిమా చూసే అవకాశం ఎన్నిసార్లు వచ్చినా, తెర మీద మరో సత్రం కనబడితే నా మంటపం చెరిగిపోతుందేమోనన్న భయం నన్ను ఆపుతూ వచ్చింది.

రాత్రి భోజనమయ్యాక ఆ భయాన్ని పక్కనపెట్టి సినిమా మొదలుపెట్టాను. సత్రం సన్నివేశం రాగానే వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ‘పిలచిన బిగువటరా’ పాట నాకు అక్షరం అక్షరం తెలుసు. అయితే రేడియోలో ఆ పాట సాగినంతసేపూ మల్లి, నాగరాజు మాత్రమే ఉండేవారు. మారువేషాల్లో వచ్చిన రాయలూ, పెద్దనా ఆ నాట్యం చూస్తున్నారన్న సంగతి నా చెవికి ఎన్నడూ తోచలేదు, ఎందుకంటే మాట్లాడకుండా చూసేవాళ్లకు రేడియోలో చోటులేదు. మల్లికోసం పల్లకీ పంపించమని నాగరాజు వేళాకోళంగా అడిగే మాటను చిన్నతనంలో నవ్వుకుంటూ విన్నాను. ఈరోజు, అడుగుతున్నది ఎవరినో తనకు తెలియని ఆ అబ్బాయిని చూస్తూ ఆ మాట వినడం నావల్ల కాలేదు. రాజు మాటకు వేళాకోళం ఉండదు కదా! మా మంటపం ఎక్కడికీ పోలేదు. దాని చూరు కింద ఇప్పుడు మరో ఇద్దరు నిలబడ్డారు, అంతే.

పల్లకీ రాకముందే సినిమా ఆపేసి అమ్మకు ఫోన్ చేశాను. విషయం చెప్పగానే, “ఇన్నాళ్లూ చూడలేదట్రా?” అని ఆశ్చర్యపోయింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది, తనూ ఆ సినిమాను రేడియోలో వినడమే తప్ప ఎన్నడూ చూడలేదని. ఆదివారం పొద్దున్న బండికి వస్తానంది. మిగతాది ఒక్కడినే చూడవద్దని రెండుసార్లు చెప్పింది.